కంప్యూటర్లో వంతెన, తాపీలో వరద

సూరత్ బట్టల బజారులో 'నమూనా' అంటే ఏమిటో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. తానులోంచి కత్తిరించిన జానెడు గుడ్డముక్క అది. ఉతికితే ముక్క రంగు వెలిసిందా, తాను రంగూ వెలుస్తుంది. తెలంగాణ జిల్లాలనుంచి వెళ్ళి అక్కడ మరమగ్గాలమీద బతుకుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ వారి పిల్లలకోసం తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఆ పిల్లలకు నమూనా అంటే ఏమిటో మనం వేరే పాఠం చెప్పనక్కరలేదు.

ఇంజనీర్లు 'మోడల్' అనేదాన్ని కూడా మనం నమూనా అనే అంటున్నాం. ఇంగ్లీషు వ్యాసాలు తెనిగించేటప్పుడు నేనూ ఎన్నోసార్లు ఆ మాటే రాశాను. రాసినప్పుడల్లా కాస్త జంకుగానే ఉండేది. గుడ్డముక్క తానులో భాగం. కంప్యూటర్లో గీసిన వంతెన నిజమైన వంతెనలో భాగం కాదు. ఆ వంతెన గురించి, దాని కింద నేల గురించి, దాన్ని ఒరుసుకుని పారే నది గురించి మనం అనుకున్న విషయాల కూర్పు అది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కాని ఆ మెతుకు ఆ కుండలోదే కావాలి కదా!

నేడు పెద్ద నిర్మాణం ఏది తలపెట్టినా 'డిజిటల్ నమూనా తయారైంది', 'ఫలానా పరిశోధన సంస్థతో ఒప్పందం కుదిరింది' అన్న ప్రకటనలు వెలువడుతున్నాయి. ఈ రెండు మాటలూ వినగానే మనకు భరోసా కలుగుతుంది. ఆ భరోసా ఎంతవరకు న్యాయమో సూరత్ పక్కనే ఉన్న కామ్‌రేజ్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం.

ఒకే నది, రెండు నమూనాలు

కామ్‌రేజ్ సూరత్‌కు తూర్పున తాపీ నది ఒడ్డున ఉన్న తాలూకా కేంద్రం. ముంబై నుంచి ఢిల్లీ వెళ్ళే జాతీయ రహదారి ఇక్కడే నదిని దాటుతుంది. 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగిన ముంబై-అహమ్మదాబాద్ హైస్పీడ్ రైలు మార్గం కూడా ఈ ప్రాంతం మీదుగానే వెళ్తుంది. దాని మొత్తం పొడవు 508 కిలోమీటర్లు, స్టేషన్లు 12. సూరత్ స్టేషన్‌ను కామ్‌రేజ్‌కు దక్షిణాన అంత్రోలి వద్ద నిర్మించారు. అక్కడినుంచి భరూచ్ వైపు సాగే మార్గం తాపీని దాటాలి.

అంటే ఈ చోటుకు సంబంధించి రెండు రకాల కంప్యూటరు నమూనాలు ఉన్నాయన్నమాట. ఒకటి నిర్మాణానిది, రెండోది నదిది. మొదటిదాని బొమ్మలు, వీడియోలు అందరూ చూశారు. రెండోదాని గురించి నీటిపారుదల ఇంజనీర్లకు, పరిశోధకులకు తప్ప ఇతరులకు పెద్దగా తెలియదు. నిజానికి మన విద్యార్థులు ఎక్కువ నేర్చుకోవలసింది ఈ రెండోదాని నుంచే.

నిర్మాణ నమూనా చేసే మేలు

ముందుగా మొదటిదానికి దక్కవలసిన మెప్పు దానికి దక్కాలి. పూర్వం ఒక కట్టడానికి వందల కాగితాలమీద పటాలు గీసేవారు. పునాదుల పటం ఒకరిది, కరెంటు తీగల పటం మరొకరిది, నీటి గొట్టాలది ఇంకొకరిది. గొట్టం పోవలసిన చోట ఇనుప దూలం ఉందన్న సంగతి గోడ లేచాక గాని తెలిసేది కాదు. ఇప్పటి డిజిటల్ నమూనా ఒట్టి బొమ్మ కాదు, సమాచార భాండాగారం. అందులో ప్రతి స్తంభానికీ కొలతలు, పదార్థం, బరువు నమోదై ఉంటాయి. రెండు వస్తువులు ఒకే చోటికి వస్తే కంప్యూటరు వెంటనే పట్టి చూపుతుంది. ఏ పని ఏ తేదీన జరగాలో చేరిస్తే కాలం నాలుగో పరిమాణం అవుతుంది. ఖర్చు చేరిస్తే అయిదోది.

హైస్పీడ్ మార్గం విషయంలో దీని అవసరం ఎంతో గమనించండి. మార్గంలో అధిక భాగం నేలమీద కాక స్తంభాలమీద సాగుతుంది. రెండు స్తంభాలమధ్య పరిచే 40 మీటర్ల కాంక్రీటు గర్డరు బరువు సుమారు 970 టన్నులు. దాన్ని ముక్కలుగా కాకుండా ఏకఖండంగా పోతపోసి, ప్రత్యేక వాహనంమీద తెచ్చి, యంత్రంతో స్తంభాలమీద దించుతారు. పోత పోసే ఆవరణ ఎక్కడ ఉండాలి, ఎన్ని రోజులకు గర్డరు గట్టిపడుతుంది, ఆ రోజుకు ఏ స్తంభం సిద్ధంగా ఉండాలి అన్నవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడ్డ లెక్కలు. ఇంత చిక్కుముడిని కాగితంమీద విప్పడం దాదాపు అసాధ్యం.

సర్వేలో కూడా ఇలాంటి ప్రయోజనమే కలిగింది. ఈ మార్గానికి విమానంనుంచి లైడార్ సర్వే జరిపారు. లేజరు కిరణాన్ని నేలమీదికి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం కడతారు. కాంతి సెకనులో వందకోట్లవ వంతు కాలంలో 30 సెంటీమీటర్లు పోతుంది. రానూ పోనూ కాబట్టి, కాలం కొలవడంలో ఆ మాత్రం తేడా వస్తే ఎత్తులో 15 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. మామూలుగా 10 నుంచి 12 నెలలు పట్టే క్షేత్రసర్వే సమాచారాన్ని దీనివల్ల 12 వారాల్లోనే సేకరించామని జాతీయ హైస్పీడ్ రైల్ కార్పొరేషన్ తెలిపింది. ఇది నిస్సందేహంగా గొప్ప ఆదా.

లేజరు చూడనివి

అయితే లేజరుకు కనిపించనివి కూడా ఉన్నాయి. నేలను కొలిచే మామూలు లైడార్ కిరణం బురదనీటిలోకి చొచ్చుకుపోదు. నది అడుగు ఎలా ఉందో తెలియాలంటే పడవమీద వెళ్ళి శబ్దతరంగాలతో కొలవాలి. నేల పొరలు తెలియాలంటే బోరు వేసి మట్టి తీసి పరీక్షించాలి. ఈ పథకంకోసం సూరత్‌లో ప్రత్యేకంగా మట్టి పరీక్షల ప్రయోగశాల నెలకొల్పడానికి కారణం అదే. ఎన్ని బోర్లు వేసినా, రెండు బోర్లమధ్య ఉన్న నేల మాత్రం ఊహే. కంప్యూటరు ఆ రెండు బిందువులను చక్కని గీతతో కలుపుతుంది. తెరమీద కొలిచిన బిందువూ ఊహించిన గీతా ఒకే రంగులో, ఒకే స్పష్టతతో కనిపిస్తాయి. చూసేవాడికి తేడా తెలియదు. డిజిటల్ నమూనాలమీద నా మొదటి ఆక్షేపణ ఇదే. తెలిసినదాన్ని, అనుకున్నదాన్ని విడదీసి చూపని నమూనా ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే.

'నాలుగో పరిమాణం' సంగతీ అంతే. కాంక్రీటు గట్టిపడే రోజులను నమూనా లెక్కకట్టగలదు. పొలం పోతున్న రైతు ఎప్పుడు ఒప్పుకుంటాడో లెక్కకట్టలేదు. పరిహారం పాత ధరల ప్రకారం ఇస్తున్నారంటూ సూరత్ జిల్లా రైతులతో సహా ఎందరో గుజరాత్ హైకోర్టుకు వెళ్ళారు. వంద పైచిలుకు పిటిషన్లను కోర్టు 2019 సెప్టెంబరులో కొట్టివేసింది. ఆ తీర్పు మంచిచెడ్డలు మన విషయం కాదు. నిర్మాణ కాలాన్ని నిర్ణయించే అంశాల్లో కొన్ని అసలు నమూనాలోనే ఉండవని మాత్రం గుర్తించాలి.

ఒక్క సంఖ్య చేసే తేడా

ఇక నది నమూనాకు వద్దాం. సూరత్‌కు సుమారు 100 కిలోమీటర్ల ఎగువన ఉకాయ్ ఆనకట్ట ఉంది. 2006 ఆగస్టులో అక్కడినుంచి గరిష్ఠంగా సెకనుకు సుమారు 25,770 ఘనపు మీటర్ల నీరు, అంటే 9 లక్షల క్యూసెక్కులకు పైగా, వదలవలసి వచ్చింది. సూరత్ నగరం మునిగిపోయింది.

ఇంత నీరు వస్తే కామ్‌రేజ్ దగ్గర ఎంత ఎత్తు లేస్తుంది? సూరత్‌లో ఎంత? దీనికి ఆధారం 19వ శతాబ్దపు ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మానింగ్ పేరుమీద ఉన్న సూత్రం. నీటి వేగం నది వాలుమీద, లోతుమీద, అడుగు గరుకుదనంమీద ఆధారపడుతుంది. ఆ గరుకుదనాన్ని 'ఎన్' అనే సంఖ్యతో సూచిస్తారు. శుభ్రంగా, తిన్నగా ఉన్న నదికి అది 0.030 ఉండవచ్చు. తుప్పలు, రాళ్ళు ఉంటే 0.036 కావచ్చు. ఈ సంఖ్యను కొలిచే పరికరం లేదు. నదిని చూసి అంచనా వేయాలి. ఆ తరవాత వరద కొలతలతో సరిచూసుకోవాలి.

తేడా 0.006 మాత్రమే కదా అనిపిస్తుంది. మీరే లెక్క వేయండి. వెడల్పైన నదిలో అదే ప్రవాహం పోవడానికి కావలసిన లోతు, ఎన్‌కు 0.6 ఘాతంగా పెరుగుతుంది. ఎన్ 20 శాతం పెరిగితే లోతు 1.2కు 0.6 ఘాతం, అంటే 1.116 రెట్లు అవుతుంది. లోతు 10 మీటర్లు అనుకున్నచోట 11 మీటర్ల 16 సెంటీమీటర్లు వస్తుంది. ఒక మనిషి నడుము దాటిన నీరు! ఒడ్డున గోడ ఎంత ఎత్తు కట్టాలి, వంతెన దూలం ఎంత ఎత్తున ఉండాలి అన్నవి ఈ ఒక్క సంఖ్యమీద ఆధారపడి ఉన్నాయి.

సూరత్‌లోని సర్దార్ వల్లభభాయ్ జాతీయ సాంకేతిక సంస్థకు చెందిన తింబడియా, పటేల్, పోరే అనే శాస్త్రజ్ఞులు 2011లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ఆదర్శప్రాయం. అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం రూపొందించి ఉచితంగా అందిస్తున్న 'హెక్-రాస్' అనే ప్రోగ్రామును వారు దిగువ తాపీకి అన్వయించారు. 1998, 2003 వరదల కొలతలను తీసుకుని, లెక్క వాటికి సరిపోయేలా ఎన్ విలువలను సర్దారు. నది పొడవునా ఒకే విలువ పనికిరాదని, ఒక్కో భాగానికి ఒక్కో విలువ కావాలని గ్రహించారు. ఆ విలువలకు మద్దతుగా నది ఒడ్డున తిరిగి తీసిన ఫొటోలను జోడించారు. ఆ తరవాత, సర్దుబాటుకు వాడని 2006 వరదను లెక్కకట్టి, నిజంగా నమోదైన మట్టాలతో పోల్చి, ఎక్కడ ఎంత తప్పు వచ్చిందో ప్రకటించారు.

ఇందులో నాలుగు సుగుణాలున్నాయి. కంప్యూటరు ముందు కూర్చోవడంతో సరిపెట్టక నదిదగ్గరికి వెళ్ళారు. ఒక వరదతో నేర్పి మరో వరదతో పరీక్షించారు. పాఠంలో చెప్పిన లెక్కనే పరీక్షలో ఇస్తే ఎవరికైనా నూటికి నూరు వస్తాయి కదా! తమ తప్పు ఎంతో తామే చెప్పారు. దాన్ని అందరూ చదవగలిగే పత్రికలో అచ్చువేశారు. నా దృష్టిలో నమూనా నమ్మదగ్గది కావడానికి దారి ఇదే.

అయితే ఇదీ సంపూర్ణం కాదు. అది నదిని ఒక గీతగా చూసే ఏకమితీయ నమూనా. నీరు గట్టు దాటి వీధుల్లోకి మళ్ళితే ఎటు పోతుందో చెప్పదు. తాపీలో వరద లేనప్పుడు కూడా మీఠీ ఖాడీ వంటి వాగులు పొంగి లింబాయత్ ప్రాంతపు కార్మికవాడలను ముంచుతాయి. ఆ సంగతి తాపీ నమూనాలో ఉండదు.

గోడ కట్టాక వేసిన లెక్క

ఈ లోటును కొంత తీర్చిన పరిశోధన 2017లో వెలువడింది. గాంధీనగర్‌కు చెందిన ధ్రువేశ్ పటేల్, అమెరికా, బ్రిటన్‌లకు చెందిన శాస్త్రజ్ఞులు కలిసి చేసిన పని అది. నదిని 299 అడ్డుకోతలుగా విభజించారు. అయిదు పెద్ద వంతెనలను లెక్కలోకి తీసుకున్నారు. నగరాన్ని 5 మీటర్ల గళ్ళుగా చేసి, సముద్రపు పోటును కూడా కలిపి లెక్కకట్టారు. 2006 ఆగస్టు 9న సూరత్‌లో 75 నుంచి 77 శాతం ప్రాంతం మునిగిందని, పశ్చిమ మండలంలో నీరు 4 నుంచి 5 మీటర్ల లోతు నిలిచిందని ఫలితం వచ్చింది.

ఆ తరవాతి ప్రశ్న మరీ ముఖ్యమైనది. 2006 తరవాత కట్టిన గట్లు, రక్షణ గోడలు ఎంత నీటిని ఆపగలవు? సెకనుకు 14,430 ఘనపు మీటర్లు వదిలితే నగరంలో ప్రధాన మండలాలు సురక్షితమేగాని, పశ్చిమ మండలం కాదని నమూనా చెప్పింది. ఈ సంఖ్యను 2006 నాటి 25,770తో భాగించి చూడండి. 56 శాతం! అంటే ఆ లెక్క భరోసా ఇచ్చిన ప్రవాహం పాత వరదలో సగం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే. అది కూడా ఒక మండలాన్ని మినహాయించి.

ఇంతటి విలువైన సంఖ్య సూరత్‌లో ఎంతమందికి తెలుసు? గోడ కళ్ళెదుట కనిపిస్తుంది, ధైర్యం ఇస్తుంది. ఆ గోడ హద్దు ఎంతో చెప్పే సంఖ్య పరిశోధన పత్రికలో ఉంటుంది. పైగా గోడలు లేచాక అచ్చయిన లెక్క అది. ఇలాంటి లెక్కలు పునాది తీయకముందే వేసి, నగరవాసులకు వారి భాషల్లో చెప్పినప్పుడే 'నమూనాతో ప్రణాళిక' అన్న మాటకు పూర్తి అర్థం వస్తుంది. వరదల తరవాత సూరత్ నగరపాలక సంస్థ, సాంకేతిక సంస్థ, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో ముందస్తు హెచ్చరిక వ్యవస్థకోసం కలిసి పనిచేయడం ఆ దిశలో మంచి అడుగే.

సంఖ్య వెంట సందేహం కూడా పోవాలి

ఇప్పుడు రెండు నమూనాలనూ పక్కపక్కన పెట్టండి. వంతెన రూపకర్తకు వరద మట్టం, నీటి వేగం కావాలి. అవి నది నమూనా నుంచి వస్తాయి. వరద వేగంగా పారేటప్పుడు స్తంభం చుట్టూ ఇసుక కోసుకుపోయి గొయ్యి పడుతుంది. వరద తగ్గుతుంటే ఆ గొయ్యి మళ్ళీ పూడిపోతుంది. అందుకే వేసవిలో వెళ్ళి కొలిస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఎంత లోతు కోత పడుతుందన్న అంచనా కూడా నది లెక్కలనుంచే రావాలి.

ప్రమాదం ఈ అప్పగింతలోనే ఉంది. నది శాస్త్రజ్ఞుడు 'మట్టం ఇంత, మీటరు అటూ ఇటూ కావచ్చు' అంటాడు. నిర్మాణ నమూనాలో ఒక గడికి ఒక సంఖ్యే పడుతుంది. 'అటూ ఇటూ' అన్నది దారిలో రాలిపోతుంది. మూడోచోటికి చేరేసరికి అంచనా కాస్తా నిజమై కూర్చుంటుంది. ఇంజనీర్లు దీనికి విరుగుడుగా భద్రతా గుణకాలు కలుపుతారు. కాని ఏ సందేహానికి ఎంత కలిపారో తెలిస్తేనే అది శాస్త్రం అవుతుంది.

'కాదు' అనగలిగే భాగస్వామి

పరిశోధన భాగస్వామ్యం విలువ ఇక్కడే తేలుతుంది. నిర్మాణ సంస్థకు నమూనా సరైనదని సంతకం చేసే పండితుడు దొరకడం కష్టం కాదు. 'ఇది తప్పు, పని ఆపండి' అనగలిగేవాడు కావాలి. అతని మాట వినే ఏర్పాటు కూడా ఉండాలి.

నమూనాలకు కొరతలేని చోట కూడా పని తప్పిన ఉదాహరణ లండన్‌లో ఉంది. నగరం కింద సొరంగాలు తవ్విన క్రాస్‌రైల్ పథకం డిజిటల్ నమూనాలకు ప్రపంచంలోనే పేరుపొందింది. 2018 డిసెంబరులో ప్రారంభం కావలసిన ఆ మార్గం 2022 మే 24న మొదలైంది. 1,480 కోట్ల పౌన్లలో పూర్తి కావలసిన పనికి దాదాపు 1,900 కోట్లు అయింది. సొరంగాల తవ్వకం బాగానే సాగింది. రైళ్ళు, సిగ్నళ్ళు, స్టేషన్ల పరికరాలు కలిసి పనిచేసేలా చేయడం దగ్గర చిక్కులు వచ్చాయి. విడివిడి భాగాల నమూనాలు ఎంత బాగున్నా, వాటి కలయికను పరీక్షించే పని చివరికి నెట్టితే ఇలాగే అవుతుంది.

మన గోదావరిమీద అనుభవం ఇంకా చేదైనది. 2019 జూన్‌లో ప్రారంభమైన కాళేశ్వరం పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు 2023 అక్టోబరు 21న కుంగాయి. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు ప్రణాళిక, డిజైను, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్నింటిలోనూ లోపాలను ఎత్తిచూపారు. నిర్వహణ అన్న మాటను గమనించండి. ఆనకట్ట కట్టాక నది దానికి ప్రతి ఏటా పరీక్ష పెడుతుంది. ఆ ఫలితాలు చూడకపోతే, దిద్దుకోకపోతే, మొదట వేసిన లెక్క ఎంత గొప్పదైనా పాతబడిపోతుంది. నమూనా పని శంకుస్థాపనతోనో ప్రారంభోత్సవంతోనో ముగిసేది కాదు.

విద్యార్థులకు నాలుగు ప్రశ్నలు

రేపు మీ ఊరి దగ్గర వంతెనో, ఆనకట్టో, మెట్రో రైలో రాబోతోందని, దానికి డిజిటల్ నమూనా సిద్ధమైందని చదివితే ఈ ప్రశ్నలు వేయండి. ఇందులో కొలిచింది ఎంత, ఊహించింది ఎంత? ఏ పాత సంఘటనతో దీన్ని పరీక్షించారు, తప్పు ఎంత వచ్చింది? నమూనా హద్దు ఎక్కడ, ఆ హద్దు అవతల ఉన్న నదిని, వాగును, మనుషులను ఎవరు లెక్కిస్తున్నారు? పరిశోధన భాగస్వామి తన ఫలితాన్ని, అది ప్రతికూలమైనా సరే, ప్రకటించే స్వేచ్ఛ కలిగి ఉన్నాడా?

నాలుగింటికీ జవాబులు దొరికితే ఆ నమూనాను గౌరవించండి. దొరక్కపోతే అది ఎంత రంగులతో మెరిసినా మనముందున్నది చలనచిత్రమే.

కళాశాల విద్యార్థులు మరో పని కూడా చేయవచ్చు. మీ ఊరి వాగుమీద వంతెన స్తంభానికి రంగుతో సెంటీమీటర్ల గీతలు గీయండి. వానాకాలంలో ఒడ్డున సురక్షితమైన చోట నిలబడి రోజూ నీటిమట్టం రాసుకోండి. వాగు తుప్పలతో ఉన్నప్పుడు, శుభ్రం చేసినప్పుడు ఫొటోలు తీసి ఉంచండి. రెండు మూడు ఏళ్ళకు మీ పుస్తకంలో చేరే ఆ అంకెలు ఏ కంప్యూటరూ తనంతట తాను పుట్టించలేనివి. తాపీ శాస్త్రజ్ఞులు 2006 వరదతో తమ లెక్కను పరీక్షించుకోగలిగారంటే, ఆ జోరువానలో ఎవరో మట్టం చూసి పుస్తకంలో రాసిపెట్టబట్టే.